నాగోల్ పక్కనే సముద్రం

మా చిన్నది రెండో తరగతి. నిరుడు సూర్యలంక పోయివచ్చాక బడిలో బొమ్మ వేయమంటే, కాగితానికి ఎడమవైపు నాగోల్ మెట్రో స్టేషన్ వేసింది. స్తంభాలు, మెట్లు, పైన నీలం రైలు. కుడివైపు సముద్రం. రెండిటికీ నడుమ ఏమీ లేదు. స్టేషన్ మెట్లు దిగితే కాలు నీళ్ళలోనే. ఆ కాగితం ఏడాదిగా మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. దాని తప్పేం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి నిద్రలోనే ఎత్తుకెళ్ళి కారులో పడుకోబెట్టాం, కళ్ళు తెరిచేసరికి బాపట్ల.

ఈ ఏడు శివరాత్రి వెళ్ళాక మళ్ళీ అదే ప్రయాణం అనుకున్నాం. హైదరాబాదుకు అందుబాటులో ఉన్న సముద్రం అదే కదా. శుక్రవారం రాత్రి నేను పులిహోరకు చింతపండు గుజ్జు ఉడికిస్తుంటే, ముందు గదిలో మా ఆయన, మా తమ్ముడు తోవ దగ్గర పట్టుకున్నారు. మా తమ్ముడు ఉండేది ఉప్పల్‌లో, ఉద్యోగం నాచారంలో. మా పుట్టిల్లు మిర్యాలగూడ. ఆయనది వలిగొండ పక్కన మూసీ ఒడ్డున ఒక ఊరు. ఇది చెప్పకపోతే వాళ్ళిద్దరూ ఒక రోడ్డు కోసం అంత పట్టు ఎందుకు పట్టారో తెలియదు. వాళ్ళ మాటలు వాళ్ళ నోటి తీరులోనే రాస్తున్నాను.

బామ్మర్ది: తోవ గురించి ముచ్చటెందుకు బావా? నాలుగింటికి బండి తీస్తం. ఎల్బీనగర్, చౌటుప్పల్, నార్కట్‌పల్లి కాడ అద్దంకి రోడ్డు ఎక్కుతం. మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, నర్సరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల. పదింటికల్లా పిల్లలు నీళ్ళల్ల ఉంటరు.

బావ: ఎల్బీనగర్ దిక్కు వద్దు. మన నాగోల్ బ్రిడ్జి దాటి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం మీదికెల్లి మూసీ వెంబడే పోదాం. రుద్రవెల్లి, వలిగొండ, రామన్నపేట. చిట్యాల కాడ హైవే ఎక్కుదాం. ఆడికెల్లి నువ్వు చెప్పిన తోవే.

బామ్మర్ది: రెండు గంటలు ఎక్కువైతది. దేనికి, వాసన చూసేటందుకా?

బావ: మన నీళ్ళు ఏ తోవల పోతున్నయో చూసేటందుకు. మనింట్ల నల్లా ఇప్పితే వచ్చేవి ఏ నీళ్ళు?

బామ్మర్ది: కృష్ణ నీళ్ళు. సాహెబ్‌నగర్ రిజర్వాయర్ నుంచి వస్తయి.

బావ: సాహెబ్‌నగర్‌కు ఏడికెల్లి? నాగార్జునసాగర్ నుంచి. అక్కంపల్లి రిజర్వాయర్ల నింపి, కోదండాపూర్ల శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైన పైపులల్ల ఎక్కిచ్చి తెస్తున్నరు. 2004 సంది తాగుతున్నం. స్నానాలు చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికినంక ఆ నీళ్ళు మూసీల పడతయి. మూసీ ఏడ కలుస్తది? మీ మిర్యాలగూడ అవుతల వాడపల్లి కాడ మళ్ల కృష్ణలనే. అంటే కృష్ణను ఇంటికి తెచ్చుకొని, వాడుకొని, మూసీ చేసి పంపిచ్చి, మళ్ల కృష్ణల కలుపుతున్నం. ఆ తర్వాత ఆ నీళ్ళు ప్రకాశం బరాజ్‌కు పోతయి. ఆడికెల్లి కొమ్మమూరు కాలువల బాపట్ల పొలాలకు పారతయి. రేపు మనం సముద్రం చూసేటందుకు పోతున్నమంటున్నవ్. మనకంటె ముందు మనింటి నీళ్ళు బయల్దేరి పోయినయ్.

బామ్మర్ది: అందుకే గద ప్లాంట్లు కట్టిండ్రు. మన నాగోల్లనే ఉన్నది గద.

బావ: ఉన్నది. పాతది రోజుకు 172 మిలియన్ లీటర్లది, కొత్తది 320 మిలియన్ లీటర్లది. మంచి పని, కాదనను. ప్లాంటు గడప తొక్కకుండ పోయే నీళ్ళు ఎన్ని ఉన్నయో పొద్దుగాల బ్రిడ్జి మీద నిలబడి చూడు. కింద కత్వల కాడికి పో. నీళ్ళు దుంకిన కాడ నురుగు మనిషి ఎత్తు లేస్తది. గాలి వస్తే తెల్లటి ముద్దలు ఎగిరి రోడ్డు మీద పడతయి. తెల్వని పోరలు మంచు అనుకుంటరు.

ఆ బ్రిడ్జి మీద నేను రోజూ వస్తూ పోతూ ఉంటాను. తెల్లవారుజామున మోపెడ్ల మీద, ఆటోల్లో పచ్చటి పారాగడ్డి మోపులు వస్తాయి. మోపు అంచు నుంచి నీళ్ళు కారుతూ రోడ్డు మీద ఒక తడి గీత పడుతుంది. మూసీ నీళ్ళతో ఏడాది పొడవునా కోతకు వచ్చే గడ్డి అది. నగరంలో బర్లకు అదే మేత, మా ఇంటికి వచ్చే పాలు ఆ బర్లవే. ఆ తడి గీత చూసినప్పుడల్లా నాకు కాఫీ గ్లాసు గుర్తొస్తుంది. మా ఆయన చెప్పే చుట్టు ఎంత చిన్నదో ఆ గీత చూస్తే తెలుస్తుంది.

బామ్మర్ది: ఒక మాట అంట, ఏమనుకోకు బావా. పల్లె పచ్చగ ఉంటది, సల్లగ ఉంటది అనేటోళ్ళంత పల్లె ఇడిసిపెట్టి వచ్చినోళ్ళే. ఆ నీళ్ళు పారిచ్చి నాట్లేసే ఆడోళ్ళకు కాళ్ళు దురద పెడతయి, చర్మం పొరలు పొరలు లేస్తది. బాయిల నీళ్ళు తాగరాదు. గా కష్టం మన పిల్లలకు చూపిచ్చే వస్తువా? ఏసీ కార్ల పోయి, అద్దం దించి, "సూడుండ్రి, పాపం" అని, మళ్ల అద్దం ఎక్కిచ్చుకొని బీచికి పోవుడా? గంతకంటె చూడకుండ పోవుడే మర్యాద.

పొయ్యి సన్నం చేశాను. వాడన్నది నాకు నిజమనిపించింది. పక్కవాళ్ళ బాధను కిటికీలోంచి చూసే చూపు ఎట్లుంటుందో, చూడబడేవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

బావ: తోవల చుట్టమిల్లు ఉన్నదనుకో. వాళ్ళు కష్టంల ఉన్నరని తెలిసి, అటు మొఖం తిప్పకుండ పోతె దాన్ని మర్యాద అంటరా? మా అమ్మ పొద్దుగాల మూసీల చెలిమె తోడేది. మోచెయ్యి మునిగేటంత లోతు. మొదలు బురద నీళ్ళూరుతయి. ఆనపకాయ బుర్రతోని ఎత్తి పారబోసేది. రెండోసారి ఊరినయి గూడ పారబోసేది. మూడోసారికి తేట. అడుగున ఇసుక పలుకులు లెక్కపెట్టొచ్చు. గవి బిందెల పోసి, మూతికి పల్చటి బట్ట కట్టి, నెత్తి మీద పెట్టుకొని తెచ్చేది. ఆ నీళ్ళు తాగి పెరిగిన నేను. ఇయ్యాల ఆ ఇసుకే లేదు, ఉన్న కాడ కాలు పెట్టబుద్ధి కాదు. ఆ నీళ్ళను గట్ల చేసినోళ్ళల్ల మనం లేమా? నాగోల్ల ఇల్లు కట్టుకున్ననాడే నేను ఊరికి ఎగువన కూసున్న. నా బాత్రూం నీళ్ళే మా అన్న పొలానికి పోతున్నయి. నా పిల్లలకు గది తెలవొద్దా?

బామ్మర్ది: మరి ఆ అన్న ఇంటికి నువ్వు పోయి ఎన్నేండ్లాయె?

బావ: ...రెండేండ్లు.

బామ్మర్ది: ఎందుకు పోలేదో నే చెప్తున్న విను. అన్న పండిచ్చిన వడ్లన్నీ మిల్లుకు అమ్మి, తినేటందుకు బియ్యం కొంటడని నువ్వే చెప్పినవ్. ఆ ఇంట్ల విస్తరి ముందట కూసుంటే నీకు ముద్ద దిగదు. గందుకే పోతలేవ్. ఒక్కనివి పోబుద్ధి గాక, బీచికి పొయ్యే తోవల పిల్లలను, నన్ను, అక్కను వెంటబెట్టుకొని ఓ పదినిమిషాలు ఆగి పోదామనుకుంటున్నవ్.

మా ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. నేను గుజ్జు దించి పోపు వేశాను. వేరుసెనగ గుళ్ళు ఎర్రబడేదాకా ముందు గదిలో చడీచప్పుడు లేదు. మా తమ్ముడు అంత మాట అనకుండా ఉండవలసిందని అనిపించింది, అనడమే మంచిదైందని కూడా అనిపించింది. కాసేపటికి ఆయనే వచ్చి కూర్చున్నాడు.

బావ: నువ్వన్నది అబద్ధం కాదు. కాని నాకు పోబుద్ధి కాకపోతె ఆ ఊరు తోవల లేకుండ పోతదా? హైవే ఎక్కితే అదే అయితది. పంతంగి టోల్, పెట్రోల్ బంకు, ఇంకో టోల్. నడుమ మనుషులు ఉండరు.

బామ్మర్ది: హైవేను గంత చిన్నగ చెయ్యకు. గోల్కొండ సుల్తానులు ఏలిననాడు సరుకంత బందరు రేవుకు పోయింది ఈ దిక్కుకెల్లే. టావెర్నియర్ అసుంటి వజ్రాల వర్తకులు తిరిగింది గోల్కొండకు, బందరుకు నడుమనే. హయత్‌నగర్ల హయాత్ బక్షీ బేగం మసీదు చూసినవా? చుట్టూత సరాయి గదులు. బాటసారులు దిగేటందుకు కట్టిచ్చిన్రు. 65వ నంబరు హైవే ఇప్పటికి గూడ బందరు కాడికే పోతది. జల్ది సముద్రం చేరాలె అనుకునుడు ఇయ్యాల కొత్తగ పుట్టిన ఆత్రం కాదు. నాలుగు వందల ఏండ్ల సంది ఈ పట్నం బతుకుడే గట్ల.

బావ: సరాయి గదులు ఎందుకు కట్టిన్రు? ఆగేటందుకు. ఎడ్లబండి దినానికి పోయేంత దూరానికి ఒక మజిలీ. ఆగిన కాడల్ల నీళ్ళు తాగుతరు, వండుకుంటరు, ఆ ఊరోళ్ళతోని మాట్లాడతరు. ఆ తోవకు ఊర్లు తెలుసు. నువ్వు నూటిరవై మీద పోయే తోవకు ఏం తెలుసు?

బామ్మర్ది: సరే, ఊర్లు తెల్వాలె. మరి సూర్యలంక ఊరు కాదా? దాన్ని నువ్వెప్పుడు ఊరు లెక్కల పట్టవు. బీచి అంటవ్, జనం అంటవ్, గలీజు అంటవ్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాక, 61 రోజులు వేట బంద్. పడవలన్ని ఒడ్డు మీదనే ఉంటయి. గప్పుడు ఆ ఇండ్లల్ల పొయ్యి ఎట్ల ఎలుగుతది? సెలవులకు మనసుంటోళ్ళు పోతేనే కంకులు అమ్మే ఆమెకు, చేపలు వేయించే ఆమెకు నాలుగు పైసలు. పల్లెను చూస్తే కండ్లల్ల నీళ్ళు పెడతవ్, తీరాన్ని చూస్తే మొఖం ముడుస్తవ్. ఏం న్యాయం బావా ఇది?

మా ఆయన దీనికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగింది ఉందని నేనూ అనుకోను. మనం కార్లు వేసుకొని మీద పడితే ఏ ఊరైనా బీచి అయిపోతుంది, వాళ్ళు మన వెనక సీసాలు, కవర్లు ఏరుకుంటారు. నిజమే. అయినా ఆ ఊరివాళ్ళ బతుకుతెరువును మన ముచ్చటైన మౌనం కోసం ఆపమని అడిగే హక్కు మనకు లేదు. ఈ ఒక్క సంగతిలో నేను మా తమ్ముడి వైపే.

చివరికి నన్నడిగారు. పోయేటప్పుడు తమ్ముడి తోవ, కానీ పిల్లలు మేలుకొని ఉండాలి, ఆరింటికి ముందు బండి కదలొద్దు, వాడపల్లిలో ఆగాలి అన్నాను. వచ్చేటప్పుడు మూసీ తోవ సంగతి చిట్యాల దగ్గర చూద్దాం అన్నాను. ఇద్దరికీ నచ్చలేదు. పులిహోర మాత్రం ఇద్దరూ వేడివేడిగా తిన్నారు.

మర్నాడు అనుకున్నట్టే వాడపల్లిలో ఆగాం. అది మా చిన్నప్పటి గుడి. మిర్యాలగూడ నుంచి మా అమ్మ మమ్మల్ని బస్సులో తీసుకొచ్చేది. లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. పైది స్వామి ముక్కు ఎత్తులో ఉంటుంది, అది ఊగుతుంది. కిందిది కదలదు. పైది స్వామి ఊపిరికి ఊగుతుందని చెప్తారు. మా చిన్నది పైదీపం ఊగిన ప్రతిసారీ తనూ ఊపిరి వదిలింది. తర్వాత సంగమం గట్టు మీదికి నడిచాం. కృష్ణ వెడల్పుగా, నెమ్మదిగా ఉంది. పక్క నుంచి మూసీ వచ్చి చప్పుడు లేకుండా అందులో కలిసిపోతోంది.

చిన్నది అడిగింది, "ఇవి మన బ్రిడ్జి కింది నీళ్ళేనా?"

బావ: అవే బిడ్డా.

బామ్మర్ది: మన కాడ ఉన్నంత నల్లగ లేవు గద బావా.

బావ: ఇంత దూరం ఊర్లు వడబోసినయి. మూసీ ప్రాజెక్టుల ఆగినయి, పొలాలల్ల పారినయి. మనం వదిలిందంత ఆ మట్టి, ఆ వరి, ఆ మనుషుల కాళ్ళు పట్టుకున్నయి. అందుకే ఈడికొచ్చేసరికి గింత తేట.

మా తమ్ముడు ఏమీ అనలేదు. కృష్ణ నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నాడు. చిన్నప్పుడు మేం నెత్తిన చల్లుకునేవాళ్ళం. వాడు కాసేపు చూసి, వేళ్ళ సందుల్లోంచి వదిలేశాడు. మాకు పుట్టింటి నీళ్ళవి. నాకు గొంతు పట్టుకుంది.

వంతెన దాటితే పొందుగల, పల్నాడు. దాచేపల్లి, పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు. మిరప కాలం కావడంతో రోడ్డుకు అటూ ఇటూ కల్లాలు ఎర్రగా పరుచుకొని ఉన్నాయి. కిటికీ దించగానే అందరికీ తుమ్ములు. ఎక్కడా ఆగొద్దన్న మా తమ్ముడే బండి పక్కకు తీసి ఫోన్ పట్టుకొని దిగాడు. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న పెద్దావిడ తలెత్తి, "చెప్పులిడిచి రండయ్యా" అంది. వాడు చెప్పులు విడిచాడు, ఫోన్ జేబులో పెట్టాడు. పిల్లలు ఆవిడ పక్కన గొంతుక్కూర్చొని ఏరడం మొదలుపెట్టారు. రంగు పోయి తెల్లబడిన కాయ ఒక గంపలో, మంచిది కుప్పలో. మచ్చకాయకు, మంచికాయకు తేడా ఆవిడ వేలి కొనతో తడిమి చూపించింది. పావుగంట ఏరారు. లేచేటప్పటికి పిల్లల చేతులు మండుతున్నాయి. ఆవిడ ఇంట్లోంచి కొబ్బరినూనె తెచ్చి రాసింది. "ఈ చేతులతో కళ్ళు నలుపుకోకండమ్మా" అని రెండుసార్లు చెప్పింది. ఫొటో ఒక్కటీ లేదు.

సూర్యలంక చేరేసరికి మధ్యాహ్నం దాటింది. శనివారం. కార్లు, బస్సులు, కంకుల పొగ, ఈల ఊదుతూ లోపలికి పోవద్దని అరిచే కాపలావాళ్ళు. మా తమ్ముడు చెప్పిన సంతోషం అబద్ధం కాదు. పిల్లలు కెరటం వచ్చినప్పుడల్లా వెనక్కి పరుగెత్తి, పోయినప్పుడల్లా దాన్ని తరుముతూ గంటసేపు అలసిపోలేదు. ఉప్పునీళ్ళు తగలగానే చిన్నదాని అరచేతులు మళ్ళీ మండాయి. పరుగున వచ్చి, "అమ్మా, సముద్రం కారంగా ఉంది" అంది.

చీకటి పడ్డాక చాయ్ బండి దగ్గర కూర్చున్నాం. పక్కనే నీళ్ళ క్యాన్లు వరసగా పేర్చి ఉన్నాయి.

బామ్మర్ది: ఈ నీళ్ళు ఏడికెల్లి తెస్తవమ్మా?

"కొనుక్కోడమే బాబూ. బోరేస్తే ఉప్పు. కాలవ నీళ్ళు మా చివరికొచ్చేసరికి ఎన్నొస్తాయి, ఎట్టాగుంటాయి. ఎగస్ట్రా ఓ గ్లాసు కావాలన్నా లెక్క చూసుకోవాల."

బామ్మర్ది: మాది నాగోల్.

ఆవిడకు ఆ పేరు తెలిసినట్టు లేదు. తల ఊపి చాయ్ వడబోసింది. నాగోల్ అని వాడు ఎందుకు చెప్పాడో మా ముగ్గురికీ తెలుసు.

ఆదివారం తిరుగు ప్రయాణంలో వాడే నడిపాడు. నార్కట్‌పల్లి దాటేసరికి పొద్దు వాలుతోంది. పొలాల మీద కొంగలు గూళ్ళకు పోతున్నాయి. పిల్లలు వెనక సీట్లో నిద్రపోలేదు, ఎవరి చెయ్యి ఎక్కువ మండిందో కొట్లాడుకుంటున్నారు. చిట్యాల దగ్గర వాడు వేగం తగ్గించాడు.

బామ్మర్ది: బావా, చిట్యాల. సీదా పోతే ఎనిమిదింటికి ఇంట్ల ఉంటం. కుడికి తిప్పితే రామన్నపేట, వలిగొండ. ఏం చెయ్యమంటవ్?

మా ఆయన ముందుసీట్లో ఉన్నాడు. రెండు రోజులు అంత వాదించిన మనిషి అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

బావ: పొద్దుగూకింది. ఇప్పుడు పోతే అన్న అన్నం తినిపోమ్మంటడు.

బామ్మర్ది: అంటడు మరి.

బావ: వదిన అప్పటికప్పుడు పొయ్యి మీద ఎసరు పెడతది.

బామ్మర్ది: పెట్టనియ్. అక్కా, పులిహోర ఏమన్న మిగిలిందా?

"లేదు" అన్నాను. డబ్బా అడుగున ఇంకా ఉంది.

వాడు కుడివైపు ఇండికేటర్ వేశాడు. మా ఆయన ఫోన్ తీసి, వాళ్ళన్న నంబరు వెతికి, చాలాసేపు చేతిలో పట్టుకొని, రైలు గేటు దాటాక మోగించాడు.